వరంగల్ ఎండకూ వానకూ తట్టుకునేలా ఇంట్లో కాక్టస్ పెంపకం: సమగ్ర మార్గదర్శి

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ ఇళ్లల్లో కాక్టస్ చనిపోయిందంటే సాధారణంగా తప్పు ఎండ మీదికి పోతుంది. ఎండిపోయిన మొక్కను కుండీలోంచి దులిపి చూడండి, చాలాసార్లు కుళ్లిన వేర్లే కనబడతాయి. ఎడారి మొక్కకు మన ఎండకాలం కష్టమే కానీ, దాన్ని చంపేది వానకాలం ముసురు, మే నెలలో జాలిపడి పోసిన నీళ్లు.

కారణం మొక్క తీరులోనే ఉంది. చాలా మొక్కలు పగలు గాలి పీల్చుకుంటే, కాక్టస్ ఒంటి మీది రంధ్రాలు రాత్రి తెరుచుకుంటాయి. రాత్రి చల్లబడితేనే దాని పని సాఫీగా సాగుతుంది. మే నెలలో మన దగ్గర రాత్రి కూడా 28–30 డిగ్రీల దగ్గరే ఆగిపోతే చాలా రకాలు ఎదుగుదల ఆపేసి ఊరుకుంటాయి. తాగని మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే, వెచ్చని తడిలో బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. అందుకే కింద చెప్పే ప్రతి పనీ రెండు లెక్కల మీద నడుస్తుంది: రాత్రులు చల్లగా ఉన్న నెలల్లో నీళ్లు, వాన పడే నెలల్లో పైకప్పు.

కొనేటప్పుడు చూడాల్సినవి

దసరా దాటాక, అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా కొనడం మంచిది. కొత్త చోటికి అలవాటుపడటానికి మొక్కకు సమయం దొరుకుతుంది. జులైలో కొంటే నర్సరీలో తాగిన తడితోనే ఇంటికి వస్తుంది.

మొదలు దగ్గర వేలితో నొక్కండి. పచ్చి జామకాయలా గట్టిగా ఉండాలి. మెత్తగా దిగితే, లేదా మొదలు చుట్టూ గోధుమరంగు చార కనబడితే వదిలేయండి. తర్వాత కుండీ పట్టుకొని మొక్కను మెల్లగా కదపండి. వదులు పన్నులా ఊగితే లోపల వేర్లు లేనట్టే. గాడుల్లోకి తొంగి చూడండి. ముళ్లు పుట్టే ప్రతి చోటా సమంగా ఉండే తెల్లని దూది మొక్కదే. గాడి అడుగున అక్కడక్కడ ముద్దగా, జిగటగా ఉంటే అది పిండినల్లి.

తలమీద రంగురంగుల ఎండు పూలుంటే సంబరపడకండి. వాటిని గ్లూతో అతికించి అమ్మడం మామూలే. లాగితే తోలుతో సహా ఊడి గాయమవుతుంది, దానంతట అది రాలేదాకా వదిలేయడం మేలు.

మొదటిసారి పెంచేవాళ్లకు మామిలేరియా, ఎకినాప్సిస్, గోల్డెన్ బారెల్, పచ్చ జిమ్నోకాలిసియం అనువైనవి. ఎర్ర, పసుపు గుండుతో కనిపించే మూన్ కాక్టస్ అందరినీ ఆకర్షిస్తుంది కానీ ఎక్కువ కాలం బతకదు. ఆ రంగు గుండులో పత్రహరితం లేదు, కింద అంటుకట్టిన పచ్చ కాడ పెట్టే తిండి మీదే అది బతుకుతుంది. బన్నీ ఇయర్ అనే చెవుల కాక్టస్ చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. దాని మచ్చల్లో కంటికి ఆనని నూగు ముళ్లు గుత్తులుగా ఉంటాయి. గుచ్చుకుంటే రుద్దకుండా, అతుక్కునే టేపు అదిమి లాగేయాలి.

ముళ్లున్నదల్లా కాక్టస్ కాదని కూడా గుర్తుంచుకోండి. కాక్టస్ ముళ్లు చిన్న దూది గద్దె లాంటి మచ్చలోంచి గుత్తిగా వస్తాయి. యుఫోర్బియా జాతి జెముడు మొక్కలకు ఆ గద్దె ఉండదు, తుంచితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం.

కుండీ

మొక్క వెడల్పు కన్నా అంగుళం, మహా అయితే అంగుళంన్నర పెద్దది చాలు. 2 అంగుళాల మొక్కకు 3–4 అంగుళాల కుండీ. "పెద్ద కుండీలో బాగా పెరుగుతుంది" అనేది ఇక్కడ పనికిరాదు. వేర్లు చేరని మట్టి రోజుల తరబడి తడిగా ఉండిపోతుంది.

పూత వేయని మట్టి కుండీ మన వాతావరణానికి సరైనది. దాని గోడల్లోంచి తడి ఆవిరవుతుంది, ఎండకాలం వేరు కాస్త చల్లగా ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ కుండీని మే నెలలో డాబా స్లాబు మీద పెడితే వేర్లు ఉడుకుతాయి. అడుగున వేలు పట్టేంత రంధ్రం తప్పనిసరి. కింద పళ్లెం వద్దు. అందమైన పింగాణీ కప్పులో పెట్టాలని ఉంటే రంధ్రమున్న కుండీని దాంట్లో దించి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయండి.

అడుగున కంకర పొర వేస్తే నీళ్లు త్వరగా దిగుతాయని చాలామంది నమ్ముతారు. జరిగేది వేరు. సన్న మట్టిలోని నీరు బాగా తడిసేదాకా దొడ్డు కంకరలోకి దిగదు, కాబట్టి తడి పొర వేర్ల దగ్గరికే జరుగుతుంది. రంధ్రం మీద ఒక కుండపెంకు గానీ దోమల జాలీ ముక్క గానీ పెడితే సరిపోతుంది.

మట్టి మిశ్రమం

మొక్క బతుకు తేలేది ఇక్కడే. నర్సరీలు మోతబరువు తగ్గాలని కోకోపీట్‌లో పెట్టి పంపుతాయి. అది తడిస్తే వారాల తరబడి ఆరదు, పూర్తిగా ఎండితే నీళ్లు పీల్చదు. దాంట్లో కొన్నాళ్లు నెట్టుకొచ్చినా మొదటి వానకాలం దాటించడం కష్టం. పత్తి పండే నల్ల రేగడి అసలే వద్దు. తడిస్తే ఉబ్బి, ఎండితే బిగుసుకొని బీటలు వారుతుంది, ఆ బీటల్లో సన్న వేర్లు తెగిపోతాయి.

200 మి.లీ. గ్లాసుతో కొలిస్తే:

- దొడ్డు ఇసుక, 2–4 మి.మీ. పలుకులు: 4 గ్లాసులు
- శనగగింజంత ఎర్ర ఇటుక ముక్కలు: 3 గ్లాసులు (ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వత రాయి దొరికితే అదే కొలత)
- చెలక ఎర్రమట్టి: 2 గ్లాసులు
- బాగా ఆరిన వర్మీకంపోస్టు: 1 గ్లాసు
- కట్టెబొగ్గు ముక్కలు: ఒక గుప్పెడు

దీంతో 4 అంగుళాల కుండీలు మూడు నాలుగు నిండుతాయి. మూన్ కాక్టస్ కింద ఉండేది డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడ, దానికి కాస్త తిండి ఎక్కువ కావాలి. కంపోస్టు 2 గ్లాసులు చేసి ఇసుక ఒకటి తగ్గించండి.

పలుకు సైజు కొలతల కన్నా ముఖ్యం. ఇల్లు కడుతున్న చోట వాగు ఇసుక దొరుకుతుంది కానీ, ప్లాస్టరింగ్‌కు తెచ్చిన సన్న ఇసుక తీసుకుంటే పని చెడుతుంది. సన్న రేణువులు సందులన్నీ పూడ్చేసి గాలి ఆడనివ్వవు. ఊపిరాడని వేరు ముందు చస్తుంది, కుళ్లు తర్వాత వస్తుంది. ఇసుకను దోమల జాలీ మీద జల్లించి, కిందికి రాలింది పారేసి పైన మిగిలింది వాడండి. ఇటుక ముక్కలను కూడా జల్లించాలి, ఇటుక పొడి తడిస్తే బురదే. రెండింటినీ బకెట్లో వేసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి ఎండబెట్టండి.

ఇసుక దొరక్కపోతే గ్రానైట్ క్రషర్ దగ్గరి 6 ఎంఎం చిప్స్ వాడుకోవచ్చు. అక్కడే అమ్మే డస్ట్ మాత్రం తేవద్దు. రెండు మూడు తడుపులకు కుండీలో గచ్చులా గట్టిపడుతుంది.

మిశ్రమం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి కొంచెం తడిపి పిడికిట బిగించి వదలండి. ముద్దగా నిలిస్తే ఇసుక, ఇటుక పెంచాలి. విడిపోయి రాలితే సరే. తర్వాత ఒక కుండీ నింపి గ్లాసు నీళ్లు పోయండి. నీళ్లు పైన తేలి నిలవకుండా పది సెకన్లలో కింది నుంచి కారడం మొదలవ్వాలి.

కుండీ మార్చడం

కొత్తగా కొన్న మొక్కను వారం పది రోజులు నీళ్లు పోయకుండా నీడలో ఉంచాక ఈ పని మొదలుపెట్టండి. తడి మట్టిలోంచి తీస్తే వేర్లు తెగుతాయి.

1. న్యూస్‌పేపర్‌ను నాలుగైదు మడతలు పెట్టి రెండు వేళ్ల వెడల్పు పట్టీ చేయండి. మొక్క నడుముకు చుట్టి రెండు కొసలూ కలిపి పట్టుకుంటే ముళ్లు గుచ్చుకోవు, విరగవు. పెద్ద గోల్డెన్ బారెల్‌కు పాత గోనెసంచి మడత వాడండి.
2. కుండీ గోడలు నొక్కి మొక్కను బయటికి జార్చండి. కోకోపీట్‌ను చెక్కపుల్లతో మెల్లగా గీరి తీసేయండి. వేర్ల నడుమ గట్టిగా కుదించిన ఉండగానీ గుడ్డ సంచిగానీ ఉంటే అదీ తీయాలి.
3. నల్లబడ్డ, నలిపితే తోలు ఊడొచ్చే వేర్లను కత్తిరించండి. బతికున్న వేరు తెల్లగా గానీ లేత గోధుమరంగులో గానీ ఉండి గట్టిగా ఉంటుంది.
4. వేర్లను గాలికి వదిలి నీడలో 3–4 రోజులు ఆరనివ్వండి. ఈ ఒక్క మెట్టునే ఎక్కువమంది దాటేస్తారు. తెగిన చోట గాయం మానకుండా నాటితే కుళ్లు అక్కడి నుంచే ఎక్కుతుంది.
5. పొడి మిశ్రమంలోనే నాటండి. మొదలు పాత మట్టమంత లోతులోనే ఉండాలి, ఊగుతోందని లోతుగా పాతిపెట్టొద్దు. ఊగకుండా చుట్టూ చిన్న రాళ్లు ఆనించండి.
6. పైన అర అంగుళం చిప్స్ పరవండి. మెడ దగ్గర తడి నిలవదు.
7. వారం రోజుల దాకా నీళ్లు వద్దు.

ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి మారిస్తే చాలు.

ఎండ, వెలుతురు

రోజుకు 4–6 గంటల ఎండ కావాలి, పొద్దుటి ఎండ అయితే శ్రేష్ఠం. తూర్పు బాల్కనీ అందుకే అనువు. హాల్లో టీవీ పక్కన పెట్టిన మొక్క తల లేతగా, సన్నగా పొడుగు సాగుతుంది. అలా సాగిన భాగం మళ్లీ లావెక్కదు. ముళ్ల మొక్క ఇంట్లో ఉండొద్దని పెద్దలంటే వాదించకండి, మొక్క కోరుకునేదీ బయటనే.

నీడలో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే పడమటి వైపు తెల్లగా, ఎండుగడ్డి రంగులో మచ్చ పడుతుంది. అది జీవితాంతం పోదు. మొదటి నాలుగు రోజులు గంట, తర్వాత రెండు గంటలు, ఇలా రెండు వారాలు అలవాటు చేయండి.

మార్చి సగం నుంచి వానలు వచ్చేదాకా 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మొక్క తోలు ఏపాటిది! నెట్‌ను మొక్కలకు రెండు మూడు అడుగుల పైన కట్టండి, ఆనించి కడితే వేడి కిందే నిలుస్తుంది. కుండీలను స్లాబు మీద కాకుండా ఇటుకల మీదో ఇనుప స్టాండు మీదో పెట్టండి. మూన్ కాక్టస్‌కు ఏడాది పొడవునా నేరు ఎండ తగలకుండా మంచి వెలుతురు మాత్రమే.

నీళ్లు ఎప్పుడు, ఎంత

రోజుల లెక్క కేవలం అంచనా. అసలు పరీక్ష పుల్లది. వాడేసిన అగరుబత్తి పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి పది నిమిషాలాగి తీయండి. మట్టి అంటుకున్నా, చల్లగా తగిలినా ఇంకా ఆగాలి. పోసినప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. 4 అంగుళాల కుండీకి 150–200 మి.లీ., కింది నుంచి కారేదాకా పోయండి. రోజుకో చెంచా చొప్పున పోస్తే పై మట్టి తడుస్తుంది, అడుగు వేరు ఎండుతుంది. తల మీద కాకుండా మొదలు చుట్టూ పోయాలి.

చిత్త, స్వాతి కార్తెల నుంచి నవంబర్ చివరిదాకా మన దగ్గర కాక్టస్‌కు పండుగ కాలం, 7–10 రోజులకోసారి నిండుగా పోయవచ్చు. డిసెంబర్, జనవరిలో 20–25 రోజులకోసారి, అదీ పొద్దెక్కాక. మన చలికి నీళ్లు గడ్డకట్టవు కాబట్టి పొడిగా ఉన్న మొక్కను లోపల దాచాల్సిన పనిలేదు. ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ 7–10 రోజులు. ఏప్రిల్, మేలో సగం కొలత చాలు. చిన్న మట్టి కుండీకి వారానికోసారి, పెద్దదానికి 12–15 రోజులకోసారి, పొద్దుగూకి కుండీ గోడ చల్లబడ్డాకే. మిట్టమధ్యాహ్నం వేడి కుండీలో పోసిన నీళ్లు వేర్లకు గంజిలా తగులుతాయి. ఈ రెండు నెలల్లో మొక్క కాస్త ముడుచుకోవడం సహజం, కంగారుపడి నీళ్లు పెంచకండి.

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే మట్టి మీద, మొదలు చుట్టూ తెల్లని పొర కడుతుంది. ఆర్‌ఓ మిషన్ వదిలే వృథా నీళ్లు అంతకన్నా చెడ్డవి. వాననీళ్లు పట్టి పెట్టుకోండి, లేదంటే నల్లా నీళ్లు. బోరే దిక్కయితే మార్చిలో ఒకసారి కుండీకి మూడింతల మంచినీళ్లు పోసి ఉప్పును కిందికి కడిగేయండి.

వానకాలం

వరంగల్‌లో ఏడాదికి పడే వాన దాదాపు 1000 మి.మీ. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. కాక్టస్ పుట్టిన చాలా ఎడారి ప్రాంతాల్లో ఏడాదంతా కలిపినా ఇందులో సగం ఉండదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. నిజానికి కుంభవృష్టి కన్నా ముసురు ప్రమాదం. గంటసేపు దంచి కొట్టి వెలిస్తే మంచి మిశ్రమం రెండు రోజుల్లో ఆరిపోతుంది. వారం పాటు తుంపర పడుతూ, ఎండ మొహం కనబడకపోతే ఏ మిశ్రమమూ ఆరదు.

మృగశిర కార్తె రాకముందే, అంటే జూన్ మొదటి వారంలో పైకప్పు సిద్ధం చేయండి. 200 మైక్రాన్ల యూవీ ప్లాస్టిక్ షీటు గానీ పారదర్శక పాలికార్బనేట్ షీటు గానీ వాలుగా వేసి, నాలుగు పక్కలా తెరిచి ఉంచాలి. చుట్టూ మూసేస్తే ఆవిరి పట్టి వాన కన్నా హాని. జల్లు కొట్టే వైపు షీటును అడుగున్నర బయటికి పొడిగించండి. నీలి టార్పాలిన్ వద్దు, వెలుతురు రాదు. కుండీల మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి. కోతుల బెడద ఉన్న కాలనీల్లో పైన ఇనుప జాలీ కూడా కావాలి. ముళ్లు వాటినేమీ ఆపవు, కుండీలు పీకి కింద పడేస్తాయి.

వానలు మొదలయ్యే ముందు ఒకసారి, ఆగస్టులో ఒకసారి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ 1 గ్రాము కార్బెండజిమ్ గానీ కలిపి మొక్క మీద, మెడ చుట్టూ పిచికారీ చేస్తే బూజు తెగుళ్లు అదుపులో ఉంటాయి. చేతులకు గ్లౌజులు, మొహానికి మాస్కు ఉండాలి, మందు కలపడానికి వంటింటి గిన్నెలు వాడవద్దు. ఈ నాలుగు నెలలూ నీళ్లు 15–20 రోజులకోసారి, అదీ రెండు మూడు రోజులు వరుసగా తెరిపి ఇచ్చినప్పుడే.

ఇళ్లల్లో బ్రహ్మకమలం పేరుతో పెంచేది కూడా కాక్టసే కానీ, దానికీ డ్రాగన్ ఫ్రూట్‌కూ ఈ నియమాలు వర్తించవు. అవి అడవి చెట్ల మీద పెరిగే రకాలు. వాన, కంపోస్టు రెండూ ఇష్టం, బ్రహ్మకమలానికైతే నీడ కూడా కావాలి.

కుళ్లు పట్టితే కోత ఇలా

మొదలు మెత్తబడి పసుపు కలిసిన గోధుమరంగుకు తిరిగితే ఆ రోజే కోయాలి. రేపటికి వాయిదా వేస్తే కుళ్లు ఇంకా పైకి పోతుంది.

పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, మొక్కను అడ్డంగా, మెత్తబడిన చోటుకు కాస్త పైన కోయండి. కోసిన ముఖాన్ని వెలుతురులో చూడండి. చుట్టూ పచ్చని కండ, మధ్యలో లేత రంగు వలయం ఉంటుంది. నీళ్లు, ఆహారం నడిచే నాళాలు అవే. ఆ వలయంలో నారింజ లేదా గోధుమరంగు చుక్క ఒక్కటి కనబడినా కుళ్లు ఇంకా పైన ఉన్నట్టే. కండ ఎంత పచ్చగా ఉన్నా మోసపోకండి, కుళ్లు ఈ వలయం గుండానే పైకి పాకుతుంది. కత్తి మళ్లీ తుడిచి పావు అంగుళం పైన ఇంకో బిళ్ల కోయండి. వలయం మచ్చ లేకుండా కనబడేదాకా ఇలాగే. ప్రతి కోతకూ కత్తి తుడవకపోతే తెగులును మీరే పైకి మోస్తారు.

శుభ్రమైన ముఖం దొరికాక అంచును పెన్సిల్ చెక్కినట్టు చుట్టూ ఏటవాలుగా చెక్కండి. ఆరేకొద్దీ నడుమ కండ లోపలికి గుంజుకుంటుంది, అంచు చెక్కకపోతే వేర్లు మట్టికి అందకుండా గాలిలో వేలాడతాయి. కార్బెండజిమ్ పొడి పలచగా అద్ది, నీడలో ఖాళీ గ్లాసు మూతి మీద నిలబెట్టండి. చిన్నదానికి 7–10 రోజులు, రెండు అంగుళాలు దాటితే రెండు మూడు వారాలు పడుతుంది. కోసిన చోటు గోరుతో తడితే అట్టలా చప్పుడు చేయాలి. అప్పుడు పొడి చిప్స్ మీద ఆనించి పెట్టండి. తెల్లని వేరు మొనలు కనబడ్డాక, అంటే మూడు నుంచి ఆరు వారాలకు, మిశ్రమంలో నాటి కొద్దిగా తడపండి. ముసురు రోజుల్లో ఆరడం కష్టం, ఫ్యాను గాలి తగిలేలా పెట్టాలి.

పురుగులు

పిండినల్లి కొద్దిగా ఉంటే చెవిపుల్ల దూదిని స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదాన్ని తుడిచేయండి. ఎక్కువుంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టి, వారానికోసారి మూడు వారాలు చేయండి. మర్నాడు నేరు ఎండ తగలనివ్వద్దు, నూనె పూతతో తోలు కాలుతుంది. ఒంటి మీద తెల్లని జుట్టు లేదా నీలి బూడిద పూత ఉన్న రకాలకు నూనె వద్దు. కారణం లేకుండా మొక్క ఎదగకపోతే వేర్లు తీసి చూడండి. తెల్లని పొడి అంటి ఉంటే వేరు పిండినల్లి. మట్టంతా పారేసి, వేర్లు కడిగి ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో పెట్టాలి. కుండీ చుట్టూ చీమల బారు కనబడితే పిండినల్లిని వెతకండి, దాని తేనె కోసం చీమలే కాపలా కాస్తాయి.

ఎండకాలంలో కొస దగ్గర తోలు తుప్పు రంగులోకి మారి గరుకైతే అది ఎర్రనల్లి పని. ఆ మరక పోదు కానీ, వ్యాపించకుండా ప్రొపర్‌గైట్ లీటరుకు 2 మి.లీ. చొప్పున సాయంత్రం పిచికారీ చేయవచ్చు.

ఎరువు, పూలు

అక్టోబర్–నవంబర్, ఫిబ్రవరి–మార్చి నెలల్లో నెలకోసారి 19-19-19 (నీళ్లలో కరిగే ఎన్‌పీకే ఎరువు) లీటరు నీటికి అర గ్రాము. యూరియా, పచ్చి పేడ వద్దు, కండ నీరు పట్టి పగులుతుంది. డిసెంబర్–జనవరిలో పొడిగా ఉంచి ఎండ బాగా తగలనిస్తే మామిలేరియా తలచుట్టూ కిరీటంలా చిన్న పూలు పెడుతుంది. ఎకినాప్సిస్ పూలు చాలా రకాల్లో పొద్దుగూకాక విచ్చి మర్నాటికి వాడిపోతాయి, మొగ్గ పొడుగు సాగిందంటే రాత్రి చూడటానికి లేవాల్సిందే. గోల్డెన్ బారెల్ పూయడానికి 15 ఏళ్లయినా పడుతుంది కాబట్టి దాన్ని ముళ్ల అందం కోసమే పెంచుకోండి.

పిలకలు, అంటు

మొదలు చుట్టూ వచ్చే పిలకలు అంగుళం దాటాక అక్టోబర్‌లో గానీ ఫిబ్రవరిలో గానీ తిప్పి తీయండి. 4–5 రోజులు ఆరబెట్టి నాటాలి.

మూన్ కాక్టస్ కింది కాడ పసుపెక్కి మెత్తబడితే పై గుండును కాపాడుకోవచ్చు. డ్రాగన్ ఫ్రూట్ తోటలు ఇప్పుడు మన జిల్లాల్లోనూ ఉన్నాయి, అక్కడి కాడ ఒకటి తెచ్చి ముందుగా వేరు పట్టించుకోండి. కాడ తలను అడ్డంగా కోసి, మూడు అంచులనూ ఏటవాలుగా చెక్కండి. గుండు అడుగునూ తాజాగా కోసి వెంటనే దాని మీద పెట్టి అటూ ఇటూ కదిపితే మధ్యలోని గాలి పోతుంది. గుండు వలయం చిన్నది, కాడ వలయం పెద్దది కావొచ్చు. రెండూ కనీసం ఒకచోట ఒకదానిమీదొకటి పడాలి, అవసరమైతే గుండును ఓ పక్కకు జరపండి. కుండీ అడుగు నుంచి రెండు రబ్బరు బ్యాండ్లు అడ్డంగా, నిలువుగా వేసి, నీడలో పది రోజులు కదపకుండా ఉంచండి. ఆ పది రోజులూ కోసిన చోట నీటి చుక్క పడకూడదు. బ్యాండ్లు తీశాక గుండు జారిపోతే రెండు ముఖాలనూ పలచగా మళ్లీ కోసి అతికించవచ్చు.